అంటుకట్టు చాకు: వాదరకు గండ్లు పడుటకు కారణములు, ఇంటివద్ద సరిచేసికొను విధము

రైతు వాడు పనిముట్లలో చాకు మిక్కిలి చిన్నది. నాగలికి, ట్రాక్టరుకు, మందు చల్లు యంత్రమునకు చూపు శ్రద్ధలో పదవ వంతైనను మనము దానికి చూపము. పని పడినప్పుడు జేబులోనుండి తీయుదుము. పని కాగానే మడిచి జేబులో వేసికొందుము. మొద్దుబారినచో అరుగురాతిమీద నాలుగుసార్లు గీయుదుము. పురికొస కోయుటకు, సంచిమూతి విప్పుటకు ఈపాటి పదును చాలును. కాని మామిడికి, చీనీకి, నిమ్మకు అంటుకట్టు చాకు సంగతి వేరు. అక్కడ వాదరలో కనబడీ కనబడని గండి ఒక్కటి ఉన్నను నష్టపోవునది మొక్క.

మామిడిలో లేత కాండమును నిలువుగా 4-5 సెంటీమీటర్లు చీల్చి, అంటుకొమ్మను రెండు పక్కల మేకువలె చెక్కి అందులో దించుదుము. చీనీలో, అనగా బత్తాయిలో, వేరుమూలపు బెరడును కోసి మొగ్గను లోనికి జొనుపుదుము. ఏ పద్ధతిలోనైనను బెరడునకు, కట్టెకు నడుమనున్న కేంబియం అను పలుచని జీవపు పొర రెండు పక్కల నుండి వచ్చి కలిసినప్పుడే అంటు అతుకును. వాదర నునుపుగా ఉన్నచో కోత అద్దమువలె వచ్చును. వాదరలో గండి ఉన్నచో ఆ గండి జరిగిన దారి పొడుగునను కోతమీద ఒక గట్టు నిలుచును; దాని పక్కన నార చిరుగును. గట్టు ఉన్నచోట రెండు ముఖములు ఆనవు. ఆ సందులో గాలి చేరి పొర ఎండును. లేదా తేమ నిలిచి బూజు పట్టును. అంటు పోయినప్పుడు మనము ఎండను, కొమ్మను, కట్టినవానిని నిందింతుము. చాకును తీసి చూచువారు అరుదు.

చెరువుకట్ట ఎంత పొడవున్నను నీరు పోవునది గండి పడినచోటనే. గండి ఎందుకు పడినదో తెలిసికొనక మట్టి పోసినచో మరుసటి వానకు మరల అక్కడనే తెగును. చాకు వాదరయు అట్టిదే. కావున ఈ పాఠములోని ముఖ్యవిషయము ఒక్కటే: ముందు చూడవలెను, పిదప నూరవలెను. గండి రూపమే దాని కారణమును చెప్పును.

ఉక్కు స్వభావము

ఇనుములో కొద్దిగా కర్బనము కలిసినచో ఉక్కు అగును. సాధారణమైన చాకు ఉక్కులో 100 పాళ్లకు అర పాలు మొదలు 1 పాలు వరకు కర్బనముండును. దీనిని ఎర్రగా కాల్చి నీటిలో గాని నూనెలో గాని ముంచినచో చాల గట్టిపడును. కాని గాజువలె పెళుసగును. అందుచేత మరల సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి ఆ పెళుసుదనమును తగ్గింతురు. గట్టిదనము వలన పదును నిలుచును. పెళుసుదనము వలన వాదర విరుగును. ఈ రెంటి నడుమ కుదిర్చిన ఒప్పందమే మంచి చాకు.

ఈ విద్య మన ప్రాంతమునకు కొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో తీసిన ఉక్కు కొరకు పారశీక దేశపు వర్తకులు వచ్చెడివారు. 1820 ప్రాంతమున ఆ పనిని స్వయముగా చూచిన వాయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు దానిని వివరించి వ్రాసెను. మూస ఉక్కులో కర్బనము 100 పాళ్లకు 1 నుండి 2 పాళ్ల వరకు ఉండును. అంత గట్టి ఉక్కును విరిగిపోకుండ కత్తిగా మలచుటకు వేడిమీద గొప్ప అదుపు కావలెను. ఉక్కుకు మేలు చేయునదియు, కీడు చేయునదియు వేడియే అను మాట మనము గుర్తుంచుకొనవలెను.

గండ్లను పరీక్షించుట

చాకును వెలుతురులో, వాదర పైకుండునట్లు పట్టి మెల్లగా తిప్పి చూడవలెను. పదునైన వాదరపై వెలుగు నిలువదు. మొద్దుబారినచోట సన్నని తెల్లగీతవలెను, గండి ఉన్నచోట చుక్కవలెను మెరయును. పిదప వాదరను పిడివైపు నుండి మొన వరకు దూదిమీద మెల్లగా లాగవలెను. గండి ఉన్నచోట దూదిపోగు తగులుకొనును. వేలితో తడిమి చూచుట మంచిది కాదు. గండ్లు ఈ క్రింది అయిదు రకములలో ఒకటిగా కనబడును.

1. ఒకటి రెండు పెద్ద గండ్లు, తక్కిన వాదర బాగుండుట: ఇది వాడకములోని తప్పు. చాకు ఇనుపతీగకు, రాతికి తగిలి ఉండును. లేదా కొమ్మ కణుపులో దిగిన చాకును పక్కకు తిప్పి ఉందురు. వాదర ముందునకు తోసిన బలమును ఓర్చును. పక్కకు మెలిపెట్టిన బలమును ఓర్వదు. డబ్బా మూతలు తీయుటకు, మేకులు పెకలించుటకు చాకును వాడరాదు.

2. పని చేయుచోటనంతటను సన్నని గండ్లు వరుసగా పడుట: వాదరను మితిమీరి పలుచన చేసినందువలన ఇది కలుగును. నూరునప్పుడు చాకును రాతిమీద మరీ పడుకోబెట్టినచో వాదర వెనుక బలము చాలదు. కోణము కొంచెము పెంచినచో ఇది తగ్గును.

3. కొత్త చాకునకు మొదటి దినములలోనే గండ్లు పడుట: కర్మాగారములో యంత్రపు సానచక్రముమీద పదును పెట్టునప్పుడు వాదర చివర వేడెక్కి చెడి ఉండవచ్చును. లోపలి ఉక్కు బాగుండును. మూడు నాలుగుసార్లు రాతిమీద నూరి ఆ చెడిన చివరను తీసివేసినచో గండ్లు పడుట ఆగిపోవును. తొందరపడి చాకును పారవేయరాదు.

4. గండ్ల చుట్టును నల్లని లేక ఎర్రని మచ్చలుండుట: ఇది తుప్పు. మామిడి జీడి, నిమ్మజాతి పండ్ల పులుపు ఉక్కును తినివేయును. వాదర పలుచన గనుక అక్కడ మొదట గుంటలు పడును. స్టెయిన్‌లెస్ ఉక్కునకు ఈ బాధ తక్కువ. లేదని మాత్రము చెప్పరాదు.

5. నూరిన వెంటనే పదును ఉండి, పది కోతలకే పోవుట: నూరునప్పుడు వాదర అవతలి పక్కకు వెండ్రుకవంటి సన్నని ఇనుప పొర తిరుగును. ఈ పాఠములో దానిని తీగ అని పిలుతము. ఈ తీగను తీయకున్నచో అదియే పదునుగా తోచును. పనిలో విరిగిపోయి వాదరను మొండిచేయును. నూరుటలో చివరి మెట్టు వదలినందువలన వచ్చిన దోషమిది.

ఈ అయిదింటిలో ఏదియు కాక, కోణము సరిగా ఉన్నను గండ్లు పడుచున్నచో ఉక్కు మరీ పెళుసని తెలిసికొనవలెను. గండి పడక వాదర ఒక పక్కకు వాలిపోవుచున్నచో ఉక్కు మెత్తన అని గ్రహింపవలెను. అట్టి చాకును అంటులకు వాడక ఇతర పనులకు ఉంచుకొనుట మేలు.

కావలసిన సామగ్రి

ఒకపక్క గరుకుగాను, ఒకపక్క నునుపుగాను ఉండు కార్బొరండం సానరాయి ఒకటి చాలును. కార్బొరండమును 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కనుగొనెను. నేడు ఇది ఇనుప సామానుల దుకాణములలో దొరకును. రాయి లేనిచో నీటిలో తడిపి వాడు గరుకు కాగితములు 220, 400, 1000 నంబరులవి కొని, గాజుపలకమీద గాని చదునైన బండమీద గాని పరచి వాడుకొనవచ్చును. కాగితముమీద చాకును వీపు ముందుండునట్లు వెనుకకే లాగవలెను. ముందునకు తోసినచో కాగితము తెగును. ఇంటిలోని పింగాణీ కప్పు అడుగున మెరుగులేని గరుకు అంచుండును. అది చివరి నునుపునకు మంచి సాధనము.

రాయి నడుమ గుంటపడినచో చాకు కోణము నిలువదు. చదునైన బండమీద ఇసుక, నీరు వేసి రాతిని బోర్లించి రుద్దినచో గుంట పోవును. రాతికి నీరు గాని నూనె గాని ఏదో ఒకటే వాడవలెను. నూనె తాగిన రాయి తరువాత నీటిని సరిగా పట్టదు.

కోణము కొలుచుకొను సులువు

కోణమును కొలుచుటకు పరికరము అక్కరలేదు. చాకును రాతిమీద ఉంచి, అలుగు వెడల్పులో మూడవ వంతు ఎత్తునకు వీపును లేపినచో సుమారు 20 డిగ్రీల కోణము వచ్చును. నాలుగవ వంతు లేపినచో సుమారు 15 డిగ్రీలు. ఉదాహరణకు అలుగు వెడల్పు 18 మిల్లీమీటర్లున్నచో మూడవ వంతు 6 మిల్లీమీటర్లు. అంత మందముగల వెదురుబద్ద ముక్కను వీపు క్రింద పెట్టి చూచుకొన్నచో చేతికి ఆ ఎత్తు అలవాటగును. అన్ని పనులకు వాడు చాకునకు మూడవ వంతు తగినది. లేత కొమ్మలకు మాత్రమే వాడు చాకునకు నాలుగవ వంతు చాలును. రెండవ రకపు గండ్లు పడుచున్నచో నాలుగవ వంతు నుండి మూడవ వంతునకు మార్చవలెను.

అంటుచాకులలో కొన్నింటికి ఒకపక్క పూర్తిగా చదునుగా నుండి, రెండవపక్క మాత్రమే వాలుండును. అట్టివాటిని వాలుపక్కనే నూరవలెను. వాలు వెడల్పుగా ఉండును గనుక దానిని రాతికి ఆనించినచో కోణము దానంతట అదే కుదురును. చదునుపక్కను ఎన్నడును లేపి నూరరాదు. ఒకసారి లేపినచో కోత వంకరపోవును. దానిని సరిచేయుటకు ఎంతో ఉక్కు అరుగదీయవలసి వచ్చును.

గండి తీసి పదును పెట్టు విధము

గోటిమందము, అనగా అర మిల్లీమీటరు, లోతున్న గండి అయినచో క్రింది మొదటి మెట్టు అక్కరలేదు. మామూలుగా నూరుటలోనే పోవును. అంతకు మించినచో అన్ని మెట్లును పాటింపవలెను. 2 మిల్లీమీటర్లు మించిన గండి అయినచో కమ్మరికి చూపుట మేలు.

మొదటి మెట్టు: తడిగుడ్డ మడిచి దానిపై రాతిని కదలకుండ నిలుపవలెను. చాకును నిలువుగా, వాదర రాతికి నేరుగా ఆనునట్లు పట్టి, గరుకుపక్క అంచున మెల్లగా రుద్దవలెను. మంచి వాదరను మొండిచేయుట చూచి భయపడనక్కరలేదు. గండి అడుగుమట్టము వరకు వాదరనంతను సమముగా దించుచున్నాము. గండి కనబడనప్పుడు ఆపవలెను. గండి ఉన్నచోట మాత్రమే రుద్దినచో అక్కడ పల్లమేర్పడి వాదర సొట్టపోవును.

రెండవ మెట్టు: వాలుమీద మార్కరు కలముతో సిరా పూయవలెను. నిర్ణయించుకొన్న కోణములో చాకునుంచి, గరుకు రాతిమీద ఒకపక్క పదిసార్లు నూరి చూడవలెను. సిరా వాదర వరకు సమముగా పోయినచో కోణము సరి. వీపువైపు మాత్రమే పోయినచో చాకు మరీ పడుకొన్నది. వాదర చివర మాత్రమే పోయినచో మరీ లేచినది. రాయి ఎల్లప్పుడు తడిగా ఉండవలెను.

మూడవ మెట్టు: అవతలి పక్కకు పిడి నుండి మొన వరకు తీగ తిరుగు దాక ఇదే పక్క నూరవలెను. వాదరనుండి బయటికి, అడ్డముగా, బొటనవ్రేలిని తేలికగా జరిపినచో తీగ తెలియును. వాదర పొడవున వ్రేలిని జరుపరాదు. పిదప రెండవపక్క అట్లే చేయవలెను. తీగ రానిదే పక్క మార్చినచో ఎంత నూరినను పదును రాదు. చాలమంది చేయు పొరపాటు ఇదియే.

నాలుగవ మెట్టు: రాతిని నునుపుపక్కకు తిప్పి, బరువు తగ్గించి, ఒక్కొక్కపక్క పదేసిసార్లు, పిదప అయిదేసిసార్లు, చివరకు ఒక్కొక్కసారి మార్చి మార్చి నూరవలెను. రెండవ రకపు గండ్లకు గురియైన చాకునైతే చివరి అయిదుసార్లు వీపును ఇంకొకింత లేపి మిక్కిలి తేలికగా నూరవలెను. వాదర చివర మాత్రమే బలపడి గండ్లు తగ్గును. ఒకపక్క వాలుగల చాకునైతే వాలుపక్క నూరిన పిదప, చదునుపక్కను రాతిమీద పూర్తిగా ఆనించి ఒకటి రెండుసార్లు లాగి తీగను తీయవలెను.

అయిదవ మెట్టు: పాత తోలుబెల్టు లోపలి పక్కను చెక్కమీద బిగించి, చాకును వీపు ముందుండునట్లు పక్కకు పదేసిసార్లు లాగవలెను. మిగిలిన తీగ ఇక్కడ పోవును.

పరీక్షకు వార్తాపత్రిక కాగితమును ఒకచేత వేలాడదీసి కోయవలెను. చిరుగక, ఎక్కడను తట్టుకొనక తెగవలెను. పిదప అంటుకు పనికిరాని కొమ్మను ఒకే లాగుతో ఏటవాలుగా కోసి చూడవలెను. కోతముఖముమీద గీతలు కనబడినచో నాలుగవ మెట్టు మరల చేయవలెను.

యంత్రపు సానచక్రము, దీపపు మంట

విద్యుత్తుతో తిరుగు పొడి సానచక్రముమీద పని త్వరగా అగును. చాకు చెడుటయు త్వరగానే అగును. వాదర పలుచన గనుక క్షణములో కాగును. లేత పసుపురంగు కనబడినచో వేడి 220 డిగ్రీలు దాటినది. నీలిరంగు కనబడినచో 300 డిగ్రీల ప్రాంతమునకు చేరినది. ఆ భాగము మెత్తబడినది. తిరిగి నీటిలో ముంచినంత మాత్రమున పూర్వపు గట్టిదనము రాదు. నీలిరంగు భాగమును అరుగదీయుట తప్ప ఇంటివద్ద మార్గము లేదు.

ఈ తప్పు వ్యాసకర్త స్వయముగా చేసినదే. ఒకసారి మామిడి అంటుల ప్రదర్శనకు ముందురోజు సాయంత్రము, వేళ చాలదని తలచి, రాతిని వదలి చాకును చక్రమునకు పట్టితిని. వాదర చివర నీలిచాయ కనబడినను లెక్కచేయలేదు. మరునాడు రైతుల ముందు ఏడెనిమిది కొమ్మలు చెక్కునప్పటికే వాదర వాలిపోయినది. కొమ్మ తెగక చిరుగజొచ్చినది. ముందు నిలిచిన ఒక వృద్ధ రైతు మాటాడక తన జేబులోని పాత చాకు తీసి నా చేతికిచ్చెను. వాదర నూరి నూరి అలుగు సగమైనది. కాని కోత అద్దమువలె వచ్చినది. ఆనాటి మిగిలిన పాఠము ఆ చాకుతోనే చెప్పితిని.

చాకును శుద్ధిచేయుటకు దీపపు మంటలో కాల్చు అలవాటు కొందరికి కలదు. దీనివలన రెండు నష్టములు కలవు. మొదటిది పైన చెప్పినట్లు వాదర మెత్తబడుట. రెండవది ఆశించిన మేలు కలుగకపోవుట. నిమ్మజాతి మొక్కలకు వచ్చు ఎక్సోకార్టిస్ రోగము చాకు ద్వారా ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు వ్యాపించును. దీనికి కారణము వైరాయిడ్ అను అతిసూక్ష్మ పదార్థమని 1972లో తేలినది. చీనీకి వేరుమూలముగా వాడు రంగపూర్ నిమ్మ దీనికి లొంగును. బెరడు పగిలి పెచ్చులూడును, చెట్టు గిడసబారును. దీనిని మంట గాని, సారాయి గాని నమ్మకముగా చంపజాలవు. బట్టలకు వాడు బ్లీచింగు ద్రవము, అనగా 5 శాతపు సోడియం హైపోక్లోరైటు, 1 పాలునకు నీరు 4 పాళ్లు కలిపి, చెట్టు మారినప్పుడెల్ల చాకును అందులో ముంచి తీయవలెను. గండ్లలోను, తుప్పు గుంటలలోను రసము దాగును గనుక వాదర నునుపుగా ఉన్నప్పుడే ఈ శుద్ధి సరిగా జరుగును. బ్లీచింగు ఉక్కును తినివేయును. కావున వెంటనే మంచినీటిలో కడిగి తుడువవలెను; సాయంకాలము పని ముగిసిన పిదప నూనె రాయవలెను.

రక్షణ, జాగ్రత్తలు

పని మధ్యలో జీడిని, రసమును తడిగుడ్డతో తుడుచుచుండవలెను. పని ముగిసిన పిదప కడిగి, ఆరబెట్టి, అలుగుకు, మడత కీలుకు ఒక చుక్క నూనె వేయవలెను. అంటులకు ఒక చాకు, ఇతర పనులకు ఒక చాకు వేరుగా ఉంచుకొనుట మంచిది. అంటుచాకును ఎవరికిని ఎరువు ఇవ్వకుండుటయే దాని రక్షణలో సగము.

మడతచాకులలో కొన్నింటికి తాళము ఉండదు. నూరునప్పుడు మొనను అదిమినచో అలుగు మడతపడి వ్రేళ్లను కోయును. అలుగుమీద రెండవచేతి వ్రేళ్లను వాదరకు దూరముగా, వీపువైపు ఉంచవలెను. పిల్లలు తిరుగుచోట నూరరాదు. చేయి తెగినచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, గాయము కడిగి, ధనుర్వాతపు సూది విషయమై వైద్యుని అడుగవలెను. మొద్దు చాకునకు బలము ఎక్కువ పెట్టవలెను గనుక జారి చేయి తెగుట దానితోనే ఎక్కువ.

అభ్యాసము

ఈ వారము మీ ఇంటిలోని చాకులన్నింటిని ఒకచోట చేర్చి, దూదితో పరీక్షించి, ప్రతి గండి అయిదు రకములలో ఏదియో ఒక కాగితముమీద వ్రాసికొనుడు. వాటిలో పాతదానిని తీసికొని పై అయిదు మెట్లను చేసి చూడుడు. మొదటిసారి గంటసేపు పట్టవచ్చును. నాలుగవసారికి పది నిమిషములు చాలును. చేయి కుదిరిన పిదపనే అంటుచాకును రాతికి పట్టుడు.

మామిడి అంటులు కట్టు అదను కొద్ది వారములే. ఆ అదనులో ఎండిన ప్రతి అంటు ఒక సంవత్సరపు ఎదురుచూపు. తొలకరికి ముందు ఒక సాయంకాలము చాకునకై కేటాయించినచో ఆ ఎదురుచూపులో కొంతయైనను తప్పును.